కాటికి దారి లేదు, కట్టెకు కరువు
ఆఖరి ఘడియలకు ఏర్పాట్లు ఎక్కడ? - లంక గ్రామాల్లో తీరని సమస్య

అమలాపురం: గోదావరికి వరద వస్తే కోనసీమ లంకల్లో బతికున్నవారి ఇక్కట్లు పత్రికలకెక్కుతాయి. పడవలు ఎన్ని, పునరావాస కేంద్రాలు ఎన్ని, బియ్యం ఎంత, కందిపప్పు ఎంత అన్న లెక్కలు వస్తాయి. ఆ నాలుగైదు రోజుల్లో ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే ఆ కుటుంబం ఏం చేయాలన్నది మాత్రం ఏ లెక్కలోనూ ఉండదు. ఏటిగట్టు లోపలి రుద్రభూమి మునిగిపోతుంది. కాజ్‌వే మీద నీరు పారుతుంది. నాటుపడవలో శవాన్ని ఎక్కించుకుని గట్టు అవతల ఎవరి ఊరి శ్మశానంలోనో చోటు అడుక్కోవలసి వస్తుంది. 1986 ఆగస్టు వరద చూసినవారికి ఈ బాధ తెలుసు. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటినపుడు వారి పిల్లలకూ తెలిసివచ్చింది.

వరద లేని రోజుల్లో మాత్రం పరిస్థితి బాగున్నదా అంటే అదీ లేదు. చాలా గ్రామాల్లో కాటికి దారి అంటే వరిచేల గట్టే. సార్వా నాట్లు పడ్డాక పాడె మోసేవారు బురదలో మోకాలి లోతు దిగవలసిందే. దారి పోరంబోకు కాగితాల మీద ఉంటుంది, నేల మీద ఉండదు. పక్క రైతు గట్టు జరుపుకుంటూ పోతే పది పన్నెండేళ్లలో బండి బాట కాలిబాట అవుతుంది, కాలిబాట కొబ్బరి బోదె అవుతుంది. పంచాయతీకి ఈ సంగతి తెలియక కాదు. చచ్చినవాడు ఓటుకు రాడు అని ఊళ్లో హాస్యమాడుకుంటారు.

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం (1994) ప్రకారం శ్మశానాల ఏర్పాటు, నిర్వహణ గ్రామ పంచాయతీ తప్పనిసరి విధుల్లో ఒకటి. వీధి దీపాలు, మంచినీళ్లు ఎలాంటివో ఇదీ అలాంటిదే. దీపం వెలగకపోతే నిలదీసేవారు దీనికి నోరు మెదపరు. ఎందుకంటే ఆ అవసరం వచ్చిన రోజున ఇంటివారు మాట్లాడే స్థితిలో ఉండరు. పదకొండో రోజు దాటాక మాట్లాడే ఆసక్తి ఉండదు.

పక్క రాష్ట్రం తెలంగాణలో 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి పేరిట పని మొదలుపెట్టి, ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. దహన వేదికలు, స్నానాల గదులు, కూర్చునేందుకు షెడ్డు, ఉపాధి హామీ నిధులు. కొన్నిచోట్ల ఊరికి మరీ దూరంగా కట్టారనీ, కట్టాక నీళ్లు ఇవ్వలేదనీ అక్కడివారు చెప్పుకుంటారు. అయినా ప్రతి పంచాయతీకీ ఒకటి ఉండి తీరాలని ప్రభుత్వం లెక్క రాసుకోవడం చిన్న విషయం కాదు. ఇక్కడ ఆ లెక్కే మొదలు కాలేదని గ్రామాల పెద్దల ఫిర్యాదు.

నాలుగడుగుల్లో నీళ్లు

కాల్చేవారిది ఒక బాధ, పూడ్చేవారిది ఇంకో బాధ. డెల్టా నేలలో వానాకాలం నాలుగడుగులు తవ్వితే ఊట వస్తుంది. గొయ్యిలో నీళ్లు తోడి తోడి దేహాన్ని దింపవలసిన పరిస్థితి. దళితవాడల్లో, క్రైస్తవ కుటుంబాల్లో, ముస్లింలలో, జంగాలు మొదలైన ఖననం ఆచారంగా గల కులాల్లో ఇది ఏటా ఎదురయ్యేదే. సెంటు భూమి ధర చూస్తే కొత్తగా సమాధుల తోటకు స్థలం ఇచ్చేవారు కనబడరు. ఏరు కోసుకుపోయే లంకల్లో ఉన్న తోట కూడా ఏటేటా తరిగిపోతున్నది.

ఇందులో మనవారు స్వయంగా చేసుకున్న చిక్కు ఒకటున్నది. పూర్వం గుడ్డ చుట్టి మట్టిలో పెట్టేవారు. పైన మట్టి దిబ్బ, దాని మీద ఓ మొక్క. పదిహేను ఇరవై ఏళ్లకు ఆ చోటు మళ్లీ పనికి వచ్చేది. తాతల దగ్గరే మనుమలను పెట్టేవారు. ఇప్పుడు సిమెంటు సమాధి, పైన గ్రానైటు పలక, చుట్టూ ఇనుప కంచె. ఒక కుటుంబం ఆరు అడుగుల చోటును శాశ్వతంగా కట్టేసుకుంటే వెనుక వచ్చేవారికి చోటు ఎక్కడిది? ముస్లింల ఖబరస్తాన్లలో కచ్చా సమాధి, పెట్టె లేకుండా ఖననం అన్న పద్ధతి ఇప్పటికీ ఎక్కువగా నిలిచి ఉన్నది. స్థలం కరువైన పల్లెకు అదే పొదుపు. తమవారి గుర్తు ఉండాలనుకోవడం తప్పని ఎవరూ అనరు. తోట గేటు దగ్గర ఒకే గోడ కట్టి పేర్లు చెక్కించుకునే పద్ధతి సంఘపెద్దలు ఆలోచించదగినది.

చోటు తగాదా ముదిరితే ఎంతదాకా పోతుందో చూడాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ సంగతి చాలు. 2025 జనవరిలో అక్కడ ఒక క్రైస్తవ కుటుంబం తమ ఊరి శ్మశానంలో పెద్దాయనను పూడ్చడానికి వీల్లేదని గ్రామం అడ్డుకున్నది. కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. దేహం దాదాపు 20 రోజులు శవాగారంలోనే ఉన్నది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. చివరకు ఊరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. ఇక్కడ అంతదాకా రాలేదు కదా అనుకోవచ్చు. అయితే పెద్దూరికి ఒక కాడు, పేటకు ఒక కాడు, పేటకు పోయే దారి పెద్దూరివారి చేలల్లోంచి అన్న పరిస్థితి ఉన్నంతకాలం ఆ తగాదా నిప్పు బూడిద కింద ఉన్నట్లే.

కట్టె లెక్క

డెల్టాలో అడవి లేదు. చితికి పెరటి మామిడో, చింతో కొట్టాలి. లేదా సముద్రతీర గ్రామాల నుంచి సరుగుడు తేవాలి. సరుగుడుకు కాగితం మిల్లులు, ఇళ్లు కట్టే మేస్త్రీలు పోటీ. మామూలు పద్ధతిలో ఒక చితికి 400 నుంచి 500 కిలోల కట్టె పడుతుంది. వానాకాలంలో కట్టె పచ్చిదైతే ఇంకా ఎక్కువ. డీజిలు పోస్తారు, చాలక పాత టైర్లు వేసేవారూ ఉన్నారు. ఆ పొగ పక్క వాడలోకి పోతుంది. తండ్రి చితిలో టైరు వేయవలసి వచ్చిన కొడుకు మనసులో ఏముంటుందో చెప్పనక్కరలేదు.

నేల మీద పేర్చిన చితిలో సగం వేడి వృథాగా పోతుంది. అడుగు నుంచి గాలి అందదు, పక్కల నుంచి మంట చెదిరిపోతుంది. కట్టెను నేల మీద నుంచి ఎత్తి ఇనుప చట్రం మీద పేర్చి, రెండు పక్కలా అడ్డు, పైన పొగగొట్టం పెడితే అదే పని 150 నుంచి 200 కిలోలతో అవుతుందని ఢిల్లీలో మోక్షదా అనే సంస్థ చూపింది. ఆ సంస్థ 1992 నుంచి ఈ పనిలో ఉన్నది. ఇందులో ఆచారానికి భంగం లేదు. కట్టె ఉంటుంది, తలకొరివి ఉంటుంది, కుండ పగలగొట్టడం ఉంటుంది. ఉత్తరాదిన విద్యుత్ దహనానికి ఒప్పుకోని కుటుంబాలు కూడా దీనికి ఒప్పుకున్నాయంటే కారణం ఇదే.

విద్యుత్ కొలిమి పల్లెకు పనికిరాదు. కొలిమి వేడెక్కడానికే బోలెడు కరెంటు కావాలి, కాబట్టి రోజూ నాలుగైదు దేహాలు వచ్చే నగరంలోనే అది గిట్టుబాటు. నెలకు ఒకరో ఇద్దరో పోయే ఊరికి ఇనుప చట్రం, మీద రేకుల షెడ్డు, ఓ గది నిండా ఎండు కట్టె నిల్వ చాలు. చట్రం చేయడం మండల కేంద్రంలోని వెల్డింగు షాపువాడికి రాని విద్య కాదు. నాలుగైదు ఊళ్లకు కలిపి గ్యాసు కొలిమి పెట్టుకోవచ్చుననే ఆలోచన కూడా ఉన్నది. దాన్ని నడిపే మనిషి జీతం ఎవరిస్తారన్న దగ్గర అది ఆగిపోతుంది.

నదిలో కలిపే విషయమూ చూడాలి. మూడో రోజు సంచయనంలో ఏరిన అస్థికలు గుప్పెడు. వాటివల్ల గోదావరికి వచ్చిన ముప్పు లేదు. కాలీకాలని దుంగలు, నైలాను శాలువలు, ప్లాస్టిక్ దండలు, మందు సీసాలు, కార్యం అయ్యాక ఏట్లో పారేసే ఫ్లెక్సీలు అసలు ముప్పు. కొందరు గుప్పెడు అస్థికలు ఏట్లో కలిపి, మిగిలిన బూడిద పెరట్లో కొబ్బరి మొక్క మొదట్లో వేస్తున్నారు. ఎముక బూడిద చెట్టుకు ఎరువేనని రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

దింపుడు కళ్లం ఆశ

చావుకు ముందు జరిగేది ఇంతకంటే పెద్ద ఖర్చు, పెద్ద బాధ. పెద్దాయనకు జబ్బు ముదిరింది. ఎదుర్లంక వంతెన దాటి కాకినాడకో, రావులపాలెం మీదుగా రాజమండ్రికో అంబులెన్సు పరుగు. ఇక లాభం లేదని డాక్టరుకూ తెలుసు, ఇంటివారికీ లోలోపల తెలుసు. అయినా ఆపమని చెప్పే నోరు ఎవరికీ రాదు. ఆపమన్నవాడు ఆస్తి కోసం అన్నాడని నలుగురూ అనుకుంటారేమోనని పెద్దకొడుకు భయం. గల్ఫ్‌లో ఉన్న కూతురు వచ్చేదాకా ఉంచమని రెండోవాడి మాట. గొట్టాలు, యంత్రాలు, రోజుకు ఇంత అని బిల్లు. అర ఎకరం తాకట్టు పడ్డాక, సొంత పూచీ మీద తీసుకుపోతామని సంతకం పెట్టి, దారిపొడవునా గాలి బుడ్డి నొక్కుకుంటూ ఇంటికి తెస్తారు. శవాన్ని దించిన చోట కూడా చెవిలో పేరు పెట్టి పిలిచే జాతి మనది. ఆ ఆశను తప్పుపట్టలేము. ఆ ఆశ మీద ఎంత అప్పు పెట్టాలన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు న్యాయస్థానం దారి చూపింది. గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. కోలుకునే ఆశ లేని స్థితి వస్తే యంత్రాల మీద ప్రాణం నిలపవద్దని మనిషి తెలివిలో ఉండగానే ముందుగా రాసిపెట్టుకోవచ్చు. ఆ కాగితంపై ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు సంతకం కూడా కావాలని అప్పట్లో నిబంధన పెట్టారు. ఆ మెలిక వల్ల ఎవరూ ముందుకు రాలేదు. 2023 జనవరి 24న కోర్టే దాన్ని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేస్తే చాలు. తన తరపున మాట్లాడవలసినవారి పేర్లు ఒకటికి మించి రాయవచ్చు. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

దీనికీ మందు పెట్టి చంపడానికీ సంబంధం లేదు. అది నేరం, ఇప్పటికీ నేరమే. ఇక్కడ జరిగేది, ఫలితం లేని యంత్రాన్ని ఆపడం, నొప్పి తెలియకుండా చూడడం. అదీ ఒక డాక్టరు మాట మీద కాదు. చికిత్స చేసే డాక్టరు, మరి ఇద్దరు నిపుణులు కలిసి చూడాలి. వారి నిర్ణయాన్ని ఇంకో మండలి తనిఖీ చేయాలి. అందులో జిల్లా ప్రధాన వైద్యాధికారి పంపే డాక్టరు ఉండాలి. రెండు మండళ్లూ వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. తరువాత మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. కాగితం రాయనివారి విషయంలో కూడా దగ్గర బంధువుల అంగీకారంతో ఇదే పద్ధతి నడుస్తుంది. కాబట్టి ఆస్తి కోసం ఎవరో ఆపించేస్తారన్న భయానికి తగిన కట్టడి ఉన్నది.

తీర్పులో పల్లెవారు గమనించవలసిన ముక్క ఒకటి ఉన్నది. ఆ కాగితం నకలు ఒకటి స్థానిక సంస్థకు, అంటే పట్నంలో మునిసిపాలిటీకి, పల్లెలో పంచాయతీకి, ఇవ్వాలి. దాన్ని భద్రపరచే అధికారిని ఆ సంస్థ నియమించాలి. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. ఈ జిల్లాలో పంచాయతీ కార్యదర్శిని పోయి అడిగితే ఏ రిజిస్టరు తీస్తారన్నది గ్రామసభలో తేల్చుకోవలసిన విషయం.

నొప్పికి మందు

యంత్రం వద్దనుకుని ఇంటికి తెచ్చుకున్నవారికి ఏం సాయం అందుతున్నది? ఇదే అసలు లోటు. కాన్సరు ముదిరిన మనిషి రాత్రంతా అరుస్తుంటే ఇంటివారు చేయగలిగింది ఏమీ ఉండదు. నోటి ద్వారా వేసుకునే మార్ఫిను బిళ్ల ఆ నొప్పికి మందు. అది ఖరీదైనదీ కాదు. ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే దేశాల్లో మనది ఒకటి. మన నల్లమందు విదేశాలకు పోతుండగా మన రోగులు నొప్పితో పోతున్నారు. మత్తుమందుల చట్టంలోని చిక్కులు ఇందుకు ముఖ్య కారణం. 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యశాల ఒకే అనుమతితో మార్ఫిను ఉంచుకునే వీలు కల్పించారు. చట్టం మారినా ప్రాంతీయ ఆసుపత్రుల అలవాటు మారలేదు. అవసరమైనవారిలో 14 శాతానికే ఇలాంటి ఉపశమన సేవ అందుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచం మొత్తానికి కట్టిన లెక్క. పల్లెలకు వస్తే ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

కేరళవారు దీన్ని పంచాయతీ పనిగా చేసుకున్నారు. కోజికోడ్‌లో 1993లో కొందరు డాక్టర్లు చిన్న సంఘంగా మొదలుపెట్టారు. 2008లో ప్రభుత్వం దీనికొక విధానం ప్రకటించింది. ఇప్పుడు పంచాయతీ తరపున నర్సు మంచానపడ్డవారి ఇంటికే వస్తుంది. పుండు కడుగుతుంది, గొట్టం మారుస్తుంది, మందు ఎలా ఇవ్వాలో ఇంటి ఆడవారికి నేర్పుతుంది. ఊరి కుర్రవాళ్లు వెంట వస్తారు. ఇక్కడ పక్షవాతంతో పూర్తిగా మంచానపడ్డవారికి 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను వస్తున్నది. మంచి సాయమే. అయితే డబ్బుతో పాటు చేయి కావాలి. వీపున పుండు పడకుండా రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పడం పింఛను కాగితం చేయలేదు. ఆ పని చేస్తున్నది ఎక్కడైనా కోడలో కూతురో. ఆమెకు ఒక పూట విశ్రాంతి ఇచ్చే ఏర్పాటు ఏదీ లేదు.

ఇంట్లో పోనివ్వరు

ఇంటికి తెచ్చుకోవడంలో ఇంకో ఇబ్బంది నక్షత్రం. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు నెలల తరబడి వదిలిపెట్టాలన్న నమ్మకంతో, కొనప్రాణంతో ఉన్న మనిషిని అరుగు మీదకో, పశువుల పాకలోకో మార్చే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అద్దె ఇంట్లో ఉన్నవారి గతి మరీ అన్యాయం. శవాన్ని గడప లోపలికి తేవద్దనే యజమానులు తక్కువేమీ కాదు. ఆసుపత్రి నుంచి నేరుగా కాటికి తీసుకుపోయినవారు, రోడ్డు పక్కన టెంటు వేసుకున్నవారు ఉన్నారు. ప్రతి ఊళ్లో ఓ పంచాయతీ గది, పక్కన కుళాయి, ఓ ఫ్రీజరు పెట్టె ఉంటే ఈ అవమానం తప్పుతుంది. కల్యాణ మండపాలకు చందాలు దొరికే ఊళ్లలో ఇది అసాధ్యమేమీ కాదు.

ఫ్రీజరు పెట్టె అవసరం కోనసీమకు మరీ ఎక్కువ. ఇంటికొకరు మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉన్నారు. వారు వచ్చేదాకా ఇక్కడ ఆగాలి. అక్కడ పోయినవారిని తేవడం ఇంకా కష్టం. దేహాన్ని పంపే ఖర్చు భరించలేని కుటుంబాలకు భారత రాయబార కార్యాలయం 2009లో ఏర్పడిన సంక్షేమ నిధి నుంచి సాయం చేయవచ్చు. అడగాలని చాలామందికి తెలియదు.

దేహదానం

కాల్చడం, పూడ్చడం కాక మూడో దారి ఒకటున్నది. సీపీఎం ప్రధాన కార్యదర్శి సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరు 12న మరణించినపుడు ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించారు. ఏచూరివారి మూలాలు కాకినాడలో ఉన్నాయి. ఆయన తల్లి కల్పకం దేహాన్ని కూడా 2021లో అలాగే ఇచ్చారు. అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా 2024 అక్టోబరు 12న హైదరాబాదులో మరణించాక కళ్లు ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రికి, దేహం గాంధీ వైద్య కళాశాలకు వెళ్లాయి. వారి రాజకీయాలతో ఏకీభవించనివారికి కూడా ఈ ఒక్క విషయంలో పేచీ ఉండదు.

దేహదానానికి ముందుగా కళాశాలలో పేరు నమోదు చేసుకుంటే మంచిది. అయితే చివరి మాట ఇంటివారిదే. పోయినాయన ఎంత రాసిపెట్టినా కొడుకులు ఒప్పుకోకపోతే కళాశాలవారు తీసుకోరు. పోస్టుమార్టం అయిన దేహాలను, కొన్ని అంటువ్యాధులతో పోయినవారిని కూడా తీసుకోరు. కళ్లకు అలాంటి చిక్కులు తక్కువ. వయసు అడ్డురాదు, కళ్లద్దాలు, మధుమేహం అడ్డురావు. ఆరు గంటల్లోపు తీసుకోవాలి. సిబ్బంది వచ్చేలోగా రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టాలి, ఫ్యాను ఆపాలి. కళ్లు ఇచ్చాక దేహాన్ని యథావిధిగా దహనమో ఖననమో చేసుకోవచ్చు.

కాగితాల సంగతి

వీలునామాకు స్టాంపు ఖర్చు లేదు. ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. బతికుండగానే పొలమంతా దానపత్రం రాసిచ్చి అరుగు మీద కూర్చున్న పెద్దల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నవే. పోషించాలన్న షరతుతో రాసి ఉంటే 2007 వృద్ధుల పోషణ చట్టం కింద ఆ దానాన్ని రద్దు చేయించుకోవచ్చు. బ్యాంకు ఖాతాకు 2025 నవంబరు నుంచి నలుగురు నామినీల దాకా రాయవచ్చు. మరణం 21 రోజుల్లో పంచాయతీలో నమోదు కావాలి. ఆలస్యమైతే రుసుము, ఆపైన అఫిడవిట్ల తిరుగుడు. భీమా, పాసు పుస్తకం, భార్యకు రావలసిన పింఛను, అన్నీ ఆ ఒక్క ధ్రువపత్రం మీద ఆధారపడి ఉంటాయి.

పెద్దకార్యం ఖర్చు సంగతి ఎవరికి వారు తేల్చుకోవలసినదే. కర్మకయ్యే ఖర్చు తక్కువే. భోజనాల బంతులు, నిలువెత్తు ఫ్లెక్సీలు, పంచే గిన్నెలు కలిసి అప్పు అవుతున్నాయి. పక్కవాడు వేసిన బంతి కంటే చిన్నది వేస్తే తండ్రి మీద ప్రేమ లేదంటారన్న భయం, ఆసుపత్రిలో యంత్రం ఆపమనలేని భయం, రెండూ ఒకటే. తనకు ఏం కావాలో, ఏం వద్దో పెద్దాయనే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఉంటే కొడుకు తలెత్తుకుని ఆ కాగితం చూపగలడు.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లకు, రోడ్లకు అంచనాలు వేస్తారు. ఆ అంచనాల్లో లంక గ్రామాల కాటిదారులు, వరదకు మునగని ఎత్తున ఒక దహన వేదిక చేర్చాలని కోరేందుకు పంచాయతీలు తీర్మానాలు చేసి పంపవలసి ఉన్నది. తీర్మానంతో పాటు గ్రామ పటంలో దారి పోరంబోకు సర్వే నంబరు, ప్రస్తుతం మిగిలిన వెడల్పు కూడా జతచేస్తే తహసీల్దారు కార్యాలయంలో దస్త్రం వెనక్కు రాకుండా ఉంటుంది.